రేస్ కారు సస్పెన్షన్, డ్యాంపర్లు సెట్ చేసుకోవడం ఎలా?

డ్యాంపర్, అంటే షాక్ అబ్జార్బర్, మీద ఉండే చిన్న నాబ్ తిప్పడం చాలా తేలిక. అందుకే కారు ఏ మలుపులో మాట వినకపోయినా చెయ్యి ముందు అటే పోతుంది. ట్రాక్ దగ్గర నేను చూసిన వృథా రోజుల్లో సగం అలా మొదలైనవే. నాబ్ ముట్టుకునే ముందు ఎవరి పని ఏమిటో తెలుసుకోండి. మలుపులో ఎంత బరువు బయటి చక్రాల మీదికి పోతుందో కారు బరువు, గురుత్వ కేంద్రం ఎత్తు, చక్రాల మధ్య దూరం, మలుపు తిరిగే తీవ్రత తేలుస్తాయి. ఆ బరువు మార్పిడిలో ముందు ఇరుసుకు ఎంత వాటా, వెనక ఇరుసుకు ఎంత వాటా అన్నది ప్రధానంగా స్ప్రింగులు, యాంటీ రోల్ బార్లు (ఎడమ కుడి చక్రాలను కలిపి, కారు పక్కకు ఒరగడాన్ని అడ్డుకునే కడ్డీలు), సస్పెన్షన్ జ్యామెట్రీ (ఆర్మ్‌ల అమరిక) పంచుతాయి. ఆ పంపకం ఎంతసేపట్లో జరగాలన్నది డ్యాంపర్ చేతిలో ఉంటుంది. కింద చెప్పే పనుల వరుస కూడా ఇదే. వరుస తప్పితే ఒకదాని లోపాన్ని ఇంకొకదానితో కప్పిపుచ్చుతూ రోజంతా గడిచిపోతుంది.

అసలు గ్రిప్ ఎక్కడ పోతుంది?

డ్రైవరుతో కలిపి 1000 కిలోల కారు తీసుకుందాం. గురుత్వ కేంద్రం నేల నుంచి 0.4 మీటర్ల ఎత్తులో ఉంది, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 1.5 మీటర్లు. మలుపులో 1.2 జీ (కారు బరువుకు 1.2 రెట్లు) పక్కబలం వస్తే లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు పోయే బరువు 1000 × 1.2 × 0.4 ÷ 1.5, అంటే 320 కిలోలు. స్ప్రింగులు ఎంత గట్టివి వేసినా, డ్యాంపర్లు ఎంత బిగించినా ఈ 320 దాదాపుగా 320గానే ఉంటుంది. కారు పక్కకు ఒరగడం తగ్గుతుందే తప్ప బరువు మారడం తగ్గదు. కొత్తగా నేర్చుకునేవాళ్లలో చాలామంది ఇక్కడే పొరబడతారు.

మరి గట్టిదనంతో పనేమిటి? టైరు స్వభావంలో జవాబు ఉంది. టైరు మీద బరువు పెరిగితే గ్రిప్ పెరుగుతుంది, కానీ బరువు పెరిగినంతగా పెరగదు. ఒక ఇరుసు మీద రెండు టైర్లకూ చెరో 250 కిలోలు ఉన్నప్పుడు ఒక్కోటి 350 కిలోల పక్కబలం ఇస్తుందనుకుందాం. రెండూ కలిపి 700. ఇప్పుడు బయటి టైరు మీద 400, లోపలి దాని మీద 100 అయ్యాయి. బయటిది 520 ఇస్తుంది, లోపలిది 150 ఇస్తుంది. మొత్తం 670. ఇరుసు మీద బరువు అదే, గ్రిప్ మాత్రం 30 కిలోలు తగ్గింది. ఈ అంకెలు వివరణ కోసం వేసుకున్నవి, ధోరణి మాత్రం ప్రతి టైరుకూ ఉంటుంది.

కాబట్టి మలుపులో కారు ఒరగడాన్ని ఏ ఇరుసు ఎక్కువగా అడ్డుకుంటే ఆ ఇరుసే ఎక్కువ గ్రిప్ పోగొట్టుకుంటుంది. ముందు బార్ గట్టిపడితే స్టీరింగు తిప్పినా కారు నేరుగా పోవాలని చూస్తుంది, అది అండర్‌స్టీర్. వెనక బార్ గట్టిపడితే వెనక భాగం పక్కకు జారుతుంది, అది ఓవర్‌స్టీర్. ఈ ఒక్క సూత్రం బుర్రలో నిలబడితే సగం పని అయిపోయినట్టే.

ముందు కారు నిటారుగా నిలబడాలి

టైర్లలో గాలి, చక్రాల బేరింగులు, బుష్షులు, ఎక్కడైనా వంగిన ఆర్మ్ ఉందేమో చూడండి. స్ప్రింగు తీసేసి చక్రాన్ని చేత్తో పైకీ కిందికీ కదపండి. ఎక్కడైనా పట్టేస్తోందంటే దాని సంగతి ముందు తేల్చాలి. రాపిడి ఉన్న సస్పెన్షన్‌కు డ్యాంపర్ సెట్టింగు చేయడమంటే తుప్పు పట్టిన కాటాతో బంగారం తూచడమే.

తర్వాత డ్రైవరును, లేదా డ్రైవరంత బరువును, సీటులో పెట్టి రైడ్ హైట్ (నేల నుంచి కారు ఎత్తు), నాలుగు చక్రాల మీద పడే బరువులు సరిచేయండి. ఈ పని చేసేటప్పుడు యాంటీ రోల్ బార్ లింకులు ఒకవైపు విప్పేసి ఉంచాలి. ఎందుకో నేను కష్టపడి నేర్చుకున్నాను. ఒక కారు కుడి మలుపుల్లో చక్కగా తిరిగేది, ఎడమ మలుపుల్లో బయటికి లాగేసేది. మధ్యాహ్నం దాకా ముందు డ్యాంపర్లతో కుస్తీ పట్టాం. చివరికి కారు కింద పడుకుని ముందు బార్ లింకు విప్పబోతే బోల్టు చేత్తో లాగితే రాలేదు. డ్రిఫ్ట్ (బోల్టును నెట్టే ఇనుప కడ్డీ) పెట్టి సుత్తితో తట్టాల్సి వచ్చింది. బోల్టు బయటికి రాగానే బార్ చివర టక్కుమని పక్కకు ఎగిరింది. లింకు కన్ను బార్ రంధ్రానికి దాదాపు 6 మిల్లీమీటర్లు ఎడంగా ఆగింది. అంటే కారు గ్యారేజీలో నిలబడి ఉన్నప్పుడే ఆ బార్ మెలితిరిగి ఉంది. రైడ్ హైట్ మార్చాక లింకు పొడవు సరిచేయకుండా బిగించేశాం, అంతే. లింకును ఆ 6 మిల్లీమీటర్ల మేర సరిచేశాక బోల్టు రెండు వేళ్లతో లోపలికి జారింది. ఎడమ మలుపు కుడి మలుపు లాగే వచ్చింది. డ్యాంపర్లన్నీ పొద్దుటి సెట్టింగుకే తిరిగి వెళ్లాయి.

అప్పటి నుంచి నాకొక నియమం. కారు సమతలం మీద, డ్రైవరు లోపల ఉండగా, లింకు బోల్టు చేత్తో దూరాలి.

స్ప్రింగును లెక్కతో ఎంచుకోండి

చక్రం దగ్గర పనిచేసే గట్టిదనం, స్ప్రింగు మీద రాసి ఉన్న గట్టిదనం ఒకటి కావు. రెండింటి మధ్య లివర్ ఉంటుంది. స్ప్రింగు తీసి, చక్రాన్ని 10 మిల్లీమీటర్ల చొప్పున పైకి లేపుతూ ప్రతిసారీ డ్యాంపర్ పొడవు కొలవండి. చక్రం 10 కదిలితే డ్యాంపర్ 8 కదిలిందనుకోండి, మోషన్ రేషియో 0.8. చక్రం దగ్గర గట్టిదనం రావాలంటే స్ప్రింగు గట్టిదనాన్ని ఈ రేషియో వర్గంతో, అంటే 0.64తో, గుణించాలి. వర్గం ఎందుకంటే లివర్ వల్ల బలమూ తగ్గుతుంది, కదలికా తగ్గుతుంది. పేపరు మీది డ్రాయింగును నమ్మకుండా కారు మీదే కొలవండి. కదలిక పొడవునా రేషియో మారుతుందేమో కూడా అప్పుడే తెలుస్తుంది.

ఇక ఎంత గట్టిది కావాలి? కిలోల్లోనో న్యూటన్లలోనో ఆలోచించకుండా ఊగే వేగంలో ఆలోచిస్తే ఒక కారు అనుభవం ఇంకో కారుకు పనికొస్తుంది. మామూలు రోడ్డు కార్ల బాడీ సుమారు 1 నుంచి 1.5 హెర్ట్జ్ దగ్గర ఊగుతుంది. డౌన్‌ఫోర్స్, అంటే కారును నేలకు నొక్కే గాలి బలం, పెద్దగా లేని రేస్ కార్లకు 2 హెర్ట్జ్ చుట్టుపక్కల మొదలుపెట్టవచ్చు. రెక్కలతో, ఫ్లోర్‌తో బాగా నేలకు నొక్కుకునే కార్లకు ఇంకా చాలా గట్టివి కావాలి, ఎందుకంటే అక్కడ రైడ్ హైట్ కొద్దిగా మారినా గాలి బలం మారిపోతుంది.

మన కారులో ఒక మూల స్ప్రింగు మోసే బరువు 220 కిలోలు అనుకుందాం. చక్రం దగ్గర మిల్లీమీటరుకు 40 న్యూటన్ల గట్టిదనం ఉంటే, 40,000ను (అదే గట్టిదనం మీటరుకు న్యూటన్లలో) 220తో భాగించి వర్గమూలం తీసి 6.28తో భాగిస్తే 2.15 హెర్ట్జ్ వస్తుంది. రేషియో 0.8 కాబట్టి కొనాల్సిన స్ప్రింగు 40 ÷ 0.64, అంటే మిల్లీమీటరుకు 62.5 న్యూటన్లు. మార్కెట్లో దొరికే దగ్గరి సైజు తీసుకుంటే చాలు.

నా సలహా ఒక్కటే. గతుకుల ట్రాక్ అయితే కారు నేలకు తగలనంత మేరకు వీలైనంత మెత్తని స్ప్రింగుతో మొదలుపెట్టండి. గట్టి కారు వేగంగా ఉన్నట్టు అనిపిస్తుంది, స్టాప్‌వాచ్ చాలాసార్లు వేరే మాట చెబుతుంది.

మలుపు మధ్యలో బ్యాలెన్స్ చూసుకోండి

పొడవైన, నున్నటి మలుపు ఒకటి ఎంచుకోండి. కారు పూర్తిగా ఒరిగి, స్టీరింగూ యాక్సిలరేటరూ కదలకుండా ఉండే ఆ రెండు మూడు సెకన్లలో డ్యాంపర్ దాదాపు నిద్రపోతున్నట్టే. దాని రాడ్ కదలకపోతే దానికి బలమే లేదు. అక్కడ కనిపించే అండర్‌స్టీర్‌కు మందు బార్లలో, స్ప్రింగుల్లో, క్యాంబర్‌లో (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణం), టైరు గాలిలో ఉంటుంది. బార్‌కు లింకు బిగించే రంధ్రం మార్చి ముందు బార్‌ను ఒక రంధ్రం మెత్తబరచండి, లేదా వెనకది ఒక రంధ్రం గట్టిపరచండి. టైరు లోపలి అంచు, మధ్య, బయటి అంచు ఉష్ణోగ్రతలు పిట్‌లోకి రాగానే తీసుకోండి. బయటి అంచు మిగతావాటికంటే బాగా వేడెక్కి ఉంటే చాలాసార్లు నెగెటివ్ క్యాంబర్ (పైభాగం లోపలికి వాలడం) చాలడం లేదని, లేదా కారు మరీ ఒరుగుతోందని అర్థం.

ఈ మలుపు సరిపడేదాకా డ్యాంపర్ల జోలికి పోవద్దు.

డ్యాంపర్ లోపల ఏం జరుగుతుంది?

స్ప్రింగు ఎంత నొక్కుకుంటే అంత బలంతో తంతుంది. డ్యాంపర్ ఎంత వేగంగా కదిలితే అంత బలంతో అడ్డుకుంటుంది. రాడ్ చివర ఉన్న పిస్టను నూనెలో కదులుతుంటే నూనె సన్నటి దారుల్లోంచి దూరి పోవాలి. నెమ్మదిగా కదిలేటప్పుడు నూనె ఎక్కువగా బ్లీడ్ రంధ్రం గుండా పోతుంది, నాబ్ తిప్పితే కదిలే సూది ఆ రంధ్రాన్నే మూస్తుంది, తెరుస్తుంది. వేగం పెరిగితే పిస్టను మీద దొంతరగా పేర్చిన పలుచటి ఉక్కు బిళ్లలు, అంటే షిమ్ములు, అంచుల దగ్గర వంగి దారి ఇస్తాయి. వాటి మందం, వ్యాసం, వరుస మారిస్తే డ్యాంపర్ గుణమే మారిపోతుంది. పిస్టను వెనక వైపు పీడనం మరీ పడిపోతే నూనెలో బుడగలు పుట్టి బలం చచ్చిపోతుంది. అలా కాకుండా నైట్రోజన్ గ్యాసు నూనెను ఎప్పుడూ ఒత్తిడిలో ఉంచుతుంది. ఫ్రెంచ్ ఇంజినీరు డి కార్బన్ రూపొందించిన ఈ మోనోట్యూబ్ (నూనె, గ్యాసు ఒకే గొట్టంలో ఉండే) పద్ధతే నేటి రేస్ డ్యాంపర్లలో ఎక్కువ వాటికి పునాది.

రాడ్ వేగాన్ని రెండు మండలాలుగా చూడండి. సెకనుకు సుమారు 50 మిల్లీమీటర్లలోపు కదలికలన్నీ బాడీవి: బ్రేకు వేస్తే ముందుకు వాలడం, మలుపులో ఒరగడం, యాక్సిలరేటర్ తొక్కితే వెనక్కి కూలబడటం. దీన్ని లో స్పీడ్ అంటాం. సెకనుకు 100, 200 దాటిన కదలికలు చక్రానివి: గతుకులు, కెర్బులు (ట్రాక్ అంచు గట్లు). అది హై స్పీడ్. కారు వేగంతో ఈ పేర్లకు సంబంధం లేదు. 200 కిలోమీటర్ల వేగంతో పోతున్నా బాడీ నిదానంగా ఒరిగితే అది లో స్పీడే.

చిక్కేమిటంటే ఒక్క డ్యాంపర్‌కు ఇద్దరు యజమానులు. పైన బాడీ సెకనుకు రెండుసార్లు ఊగుతుంది. కింద చక్రం, టైరు రబ్బరు మీద, సెకనుకు 10 నుంచి 15 సార్లు అదురుతుంది. బాడీని అదుపు చేయడానికి బిగిస్తే చక్రం గతుకును అనుసరించలేక గాల్లోకి లేస్తుంది. చక్రానికి స్వేచ్ఛ ఇస్తే బాడీ ఊయలూగుతుంది. ఫార్ములా వన్ వాళ్లు ఈ చిక్కుముడి మీద ఎంత తల బద్దలుకొట్టుకున్నారో చూడండి. మెక్‌లారెన్ 2005 స్పెయిన్ రేసులో ఇనర్టర్ అనే కొత్త పరికరం వాడి గెలిచింది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో మాల్కమ్ స్మిత్ ఆలోచించిన ఆ పరికరం త్వరణాన్ని బట్టి బలం ఇస్తుంది. రెనో కారు లోపల స్ప్రింగు మీద వేలాడే బరువు పెట్టింది, దాన్ని 2006లో నిషేధించారు. అంతా టైరు నేలను ఒకే ఒత్తిడితో తాకి ఉండటం కోసమే.

మొదటి సెట్టింగు ఎలా? మన లెక్క కొనసాగిద్దాం. ఊగకుండా వెంటనే సర్దుకోవడానికి కావాల్సిన పూర్తి డ్యాంపింగు అంటే 40,000ను 220తో గుణించి, వర్గమూలం తీసి, రెట్టింపు చేయాలి. సుమారు 5,930 (సెకనుకు మీటరు వేగానికి ఇన్ని న్యూటన్లు) వస్తుంది. లో స్పీడ్‌లో అందులో 65 శాతం దగ్గర మొదలుపెడితే చక్రం దగ్గర 3,860 అవుతుంది. డ్యాంపర్ దగ్గరికి మార్చాలంటే మళ్లీ 0.64తో భాగించండి, 6,030. అంటే రాడ్ సెకనుకు 50 మిల్లీమీటర్ల వేగంతో కదిలేటప్పుడు డ్యాంపర్ సుమారు 300 న్యూటన్లు ఇవ్వాలి. హై స్పీడ్‌లో, వేగంతో బలం పెరిగే ఆ వాలు సగానికి సగం తగ్గితే గతుకులు భరించగలుగుతుంది. డ్యాంపర్ డైనో (ఏ వేగంలో ఎంత బలం ఇస్తుందో కొలిచే యంత్రం) గ్రాఫు ఉంటే 50 దగ్గర 300 ఏ క్లిక్కులో, అంటే నాబ్ ఏ మెట్టులో, వస్తుందో చూసుకోండి. గ్రాఫు లేకపోతే ఒకసారి డబ్బు పెట్టి నాలుగింటినీ డైనో మీద నడిపించండి. ఎడమ కుడి డ్యాంపర్లు ఒకే క్లిక్కు దగ్గర ఒకే బలం ఇవ్వకపోవడం అరుదేమీ కాదు. డ్యాంపర్ నొక్కుకునేటప్పటి అడ్డును బంప్ అని, సాగేటప్పటి అడ్డును రీబౌండ్ అని అంటాం. బంప్ నాబ్ తిప్పితే రీబౌండ్ కూడా కొంత మారే డ్యాంపర్లూ ఉన్నాయి.

క్లిక్కులు ఎప్పుడూ పూర్తిగా బిగించిన చోటు నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ఆ చివర వేళ్లతో నిదానంగా ఆపాలి, బలం పెడితే సూది కూర్చునే చోటు దెబ్బతింటుంది.

ట్రాక్ మీద పని

డ్యాంపర్లు వేడెక్కేదాకా రెండు మూడు ల్యాపులు తిరగండి. చల్లటి నూనె చిక్కగా ఉంటుంది, దాన్ని నమ్మి తీసుకున్న నిర్ణయం పదో ల్యాపుకు తప్పవుతుంది. తర్వాత ఒకసారి ఒక ఇరుసును పూర్తి మెత్తగా, ఇంకోసారి పూర్తి గట్టిగా పెట్టి, వేగం తగ్గించుకుని జాగ్రత్తగా తిరిగి రండి. ల్యాప్ టైము కోసం కాదు, మీ ఒంటికి తేడా తెలియడం కోసం. దాంతో ఒక క్లిక్కు మార్పును గుర్తుపట్టడం తేలికవుతుంది.

మొదట బంప్, తర్వాత రీబౌండ్. ఒకసారి ఒక ఇరుసు, ఒక నాబ్, రెండు క్లిక్కులు.

మలుపు మొదట్లో ముందు భాగం మాట వినకపోతే ఇలా ఆలోచించండి. బ్రేకు మీద స్టీరింగు తిప్పుతున్న ఆ క్షణంలో ముందు బయటి డ్యాంపర్ నొక్కుకుంటోంది, వెనక లోపలిది సాగుతోంది. డ్యాంపర్ గట్టిగా ఉంటే బాడీ నిదానంగా ఒరుగుతుంది, కానీ టైరు మీదికి బరువు త్వరగా చేరుతుంది. ఇది వినగానే తిరకాసుగా ఉంటుంది, బాడీ నెమ్మదిస్తే బరువూ నెమ్మదించాలి కదా అనిపిస్తుంది. బాడీ ఒరిగి స్ప్రింగు నొక్కుకునేదాకా ఆగకుండా డ్యాంపర్ తానే ఆ బలాన్ని నేలకు అందిస్తుంది కాబట్టి అలా జరుగుతుంది. ముందు ఇరుసు ఆ క్షణంలో తన వాటాకు మించి బరువు మార్పిడి చేసుకుంటే గ్రిప్ అక్కడే పోతుంది. కాబట్టి ముందు లో స్పీడ్ బంప్ రెండు క్లిక్కులు వదలండి, లేదా వెనక రీబౌండ్ ఒక క్లిక్కు బిగించండి. మొదటిది చేస్తే స్టీరింగు కొద్దిగా మందకొడిగా అనిపించవచ్చు. చురుకుగా అనిపించడం, నిజంగా గ్రిప్ ఉండటం రెండు వేర్వేరు సంగతులు. ఏది ఎంత కావాలో డ్రైవరే తేల్చుకోవాలి.

మలుపు చివర యాక్సిలరేటర్ తొక్కగానే వెనక భాగం జారిపోతుంటే, అప్పుడు పనిచేస్తున్నవి వెనక బంప్, ముందు రీబౌండ్. వెనక లో స్పీడ్ బంప్ వదలడంతో మొదలుపెట్టండి. చివర్లో కారు బయటికి నెట్టేస్తుంటే ముందు రీబౌండ్ వదలండి. డౌన్‌ఫోర్స్ ఎక్కువున్న కార్లలో మాత్రం ముందు భాగం పైకి లేవకుండా పట్టి ఉంచడానికి రీబౌండ్ గట్టిగానే ఉంచాల్సి వస్తుంది, అక్కడ గాలి లెక్క ముందు.

గతుకు మీద కారు పక్కకు గెంతితే, కెర్బు ఎక్కగానే చక్రం నేలను వదిలితే హై స్పీడ్ బంప్ తగ్గించండి. మీ డ్యాంపర్‌లో ఆ నాబ్ లేకపోతే షిమ్ములు మార్పించడమే దారి, లో స్పీడ్ నాబ్‌తో ఈ జబ్బు పూర్తిగా నయం కాదు.

రీబౌండ్ మరీ బిగిస్తే వచ్చే సమస్య మోసగిస్తుంది. వరుస గతుకుల మీద చక్రం ఒకసారి పైకి వచ్చాక పూర్తిగా కిందికి దిగేలోపే ఇంకో గతుకు వస్తుంది. గతుకు గతుకుకూ కారు కొంచెం కొంచెం కిందికి దిగిపోయి బంప్ స్టాప్ (కదలిక చివర ఆపే రబ్బరు దిమ్మ) మీద కూర్చుంటుంది. డ్రైవరు వచ్చి స్ప్రింగు మెత్తగా ఉందంటాడు. నమ్మి గట్టి స్ప్రింగు వేస్తే ఇంకా చెడుతుంది. నిజం తేల్చడానికి డ్యాంపర్ రాడ్‌కు సన్నటి రబ్బరు రింగు తొడగండి. ల్యాపుల తర్వాత మోకాళ్ల మీద కూర్చుని చూస్తే రింగు ఎక్కడికి నెట్టుకుపోయిందో తెలుస్తుంది. బంప్ స్టాప్‌కు అతుక్కుని ఉందనుకోండి, స్ప్రింగు జోలికి పోకుండా రీబౌండ్ మూడు క్లిక్కులు వదిలి, రింగును కిందికి జరిపి, మళ్లీ అవే ల్యాపులు పంపండి. ఈసారి రింగు 5, 6 మిల్లీమీటర్లు ఎడంగా ఆగిందంటే తప్పు స్ప్రింగుది కాదు.

డ్యాంపర్ కదలికను రికార్డు చేసే సెన్సర్లు ఉంటే రాడ్ వేగాల హిస్టోగ్రామ్ (ఏ వేగంలో ఎంతసేపు కదిలిందో చూపే గ్రాఫు) వేసి చూడండి. బంప్ వైపు, రీబౌండ్ వైపు ఆకారాలు దాదాపు అద్దంలో ప్రతిబింబంలా ఉండటం మంచి ఆరంభం. ఒకవైపు గుట్ట సున్నా దగ్గరే పోగుపడితే ఆ వైపు మరీ బిగించారేమో చూడండి. సెన్సర్లు లేవని బాధపడక్కర్లేదు, రబ్బరు రింగూ టైరు ఉష్ణోగ్రతలూ చాలా దూరం తీసుకెళ్తాయి.

ప్రతి మార్పూ పుస్తకంలో రాయండి: సమయం, ట్రాక్ వేడి, టైర్లు ఎన్ని ల్యాపులు తిరిగాయి, ఏ నాబ్ ఎన్ని క్లిక్కులు, డ్రైవరు తన మాటల్లో ఏమన్నాడు. స్టాప్‌వాచ్ అంకె చూపించకముందే డ్రైవరు మాట రాసుకోవాలి, అంకె చూశాక మాట మారిపోతుంది.

ట్రాక్ మీద రబ్బరు పడేకొద్దీ గ్రిప్ దానంతట అదే పెరుగుతుంది. అందువల్ల మధ్యాహ్నం తగ్గిన ల్యాప్ టైము మీ క్లిక్కుల పుణ్యమో ట్రాక్ పుణ్యమో తెలియదు. చివరి సెషన్‌లో పొద్దుటి సెట్టింగు యథాతథంగా పెట్టి అయిదు ల్యాపులు తిరగండి, వెంటనే కొత్త సెట్టింగు పెట్టి మరో అయిదు తిరగండి. టైర్లు అవే, గాలి అంతే, డ్రైవరు అతనే. రెంటి మధ్య మిగిలిన తేడాను మాత్రమే పుస్తకంలో ఆ కారు పేరిట రాయండి.